పదో మనిషి

ఆమెను ఆ ఇంట్లో అందరూ దుప్పట్లక్క అనేవారు. డాక్టరు దగ్గర్నుంచి వంటాయన దాకా, మంచాల మీద ఉన్నవాళ్లకూ వాళ్లను చూడ్డానికి వచ్చే చుట్టాలకూ కూడా ఆమె దుప్పట్లక్కే. అది మామూలు ఇల్లు కాదు. ఇక మేం చేయగలిగిందేమీ లేదు, తీసుకెళ్లండి అని ఆసుపత్రులు పంపించేసిన రోగుల్ని చేర్చుకుని, నొప్పి తెలియకుండా, ఒంటి మీద పుండు పడకుండా, చివరి ఊపిరి దాకా కనిపెట్టుకుని ఉండే సేవాసంస్థ. పన్నెండు మంచాలు, పదిమంది సిబ్బంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఆ పన్నెండు మంచాల దుప్పట్లూ, దిండు గలీబులూ, తువ్వాళ్లూ ఉతికి, ఆరేసి, మడతపెట్టి అందించడం ఆమె పని.

ఆ పనిలోకి ఆమె దరఖాస్తు పెట్టుకుని రాలేదు. పదకొండేళ్ల కిందట ఆమె భర్త ఆ ఇంట్లోనే పోయాడు. లేతు మిషను మీద పనిచేసిన మనిషి. కాలేయంలో జబ్బు ముదిరాక ఆసుపత్రివాళ్లు చేతులెత్తేశారు. మూడో అంతస్తులో ఒంటి గది, చదువుకుంటున్న కూతురు, తెల్లవార్లూ మూలిగే మనిషి. దిక్కు తోచక తిరుగుతుంటే ఎవరో ఈ ఇంటి సంగతి చెప్పారు. చేరిన సాయంత్రమే పెద్ద నర్సు ఆయన నాలుక కింద ఏవో మందు చుక్కలు వేసింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆయన కంటినిండా నిద్రపోయాడు. అక్కడ పంతొమ్మిది రోజులున్నాడు. ఆ పంతొమ్మిది రోజులూ మనిషి మనిషిలాగే ఉన్నాడు. కూతురితో పేకాడాడు, ఓడిపోతే అలిగాడు కూడా.

అన్నీ అయిపోయాక, ఆ ఇంటి ఫ్లాస్కు ఒకటి తన సామాన్లలో వచ్చేసిందని చూసుకుని, ఇచ్చివద్దామని వెళ్లింది. వెనక గదిలో విడిచిన దుప్పట్లు నడుమెత్తు గుట్టగా పడి ఉన్నాయి. ఉతికే మనిషి మానేసి నాలుగు రోజులైందట. ఆమె ఫ్లాస్కును కిటికీలో పెట్టి, కొంగు నడుముకు దోపుకుని ఆ గుట్ట పక్కన కూర్చుంది. అదే కూర్చోవడం. మళ్లీ లేవలేదు.

పనిలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. రక్తం మరకకు చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలాయంటే మరక అక్కడే కాపురం పెడుతుందనేది. ఉన్న రెండు మిషన్లలో పాతది బట్టలు పిండేటప్పుడు గడగడా వణుకుతూ గదంతా నడిచేది. దాని ముందు ఒక ఇటుక పెట్టి, ఎక్కడికే నీ ప్రయాణం అని కసిరేది. దుప్పటికి ఒక్క ముడత ఉన్నా మంచానికి వెళ్లనిచ్చేది కాదు. కదలలేని మనిషికి ఆ ముడతే రేపు పుండవుతుందని ఆమెకు తెలుసు.

ఏటా ఆ ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు జరిగేది. సేవాసంస్థలు తమ మనుషుల్ని పరిగెత్తించి విరాళాలు పోగుచేసుకునేవి. ఈ ఇంటి తరఫున ఇద్దరు ముగ్గురు నర్సులూ, అక్కడ తమవాళ్లను పోగొట్టుకున్న కొడుకులూ కూతుళ్లూ కొందరూ నీలం చొక్కాలు వేసుకుని పరిగెత్తేవాళ్లు. దుప్పట్లక్క ఆ చొక్కాలు ఉతికిపెట్టేది, అంతవరకే.

ఆ ఏడు సంగతి వేరు. మంచం కావాలని ఫోన్లు ఎక్కువయ్యాయి. ఖాళీ లేదని చెప్పి చెప్పి మేనేజరు గొంతు పోయింది. తీరా మంచం ఖాళీ అయి ఫోన్ చేస్తే, ఇప్పుడిక అక్కర్లేదండీ అని అవతలివాళ్లు మెల్లిగా పెట్టేసేవాళ్లు. వెనక వరండాను నాలుగు గదులుగా మార్చాలని అందరికీ ఉంది. ఆ మాట మీద జరిగిన సమావేశంలో పరుపుల ఫ్యాక్టరీ యజమాని లేచి నిలబడ్డాడు. రెండేళ్ల కిందట ఆయన తండ్రి ఐదో నంబరు మంచం మీద పోయాడు. ఈసారి సిబ్బంది పదిమందీ పరిగెత్తండి, పదికి పదిమందీ ముగింపు గీత దాటితే ఆ నాలుగు గదులూ కట్టించే పూచీ నాది, నేనూ మీతో పరిగెత్తుతాను అన్నాడు. జనంలో ఉత్సాహం పుట్టించడానికి సగం సరదాగా అన్న మాట. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఆ మాట కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ పూటకు రోగుల్ని చూసుకోవడానికి పక్క ఆసుపత్రి నుంచి డాక్టరూ నర్సులూ వస్తామన్నారు. డాక్టరు, ముగ్గురు నర్సులు, ఇద్దరు ఆయాలు, వంటాయన, డ్రైవరు, మేనేజరు. లెక్క తొమ్మిది దగ్గర ఆగి, అందరి చూపులూ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మీదికి తిరిగాయి.

యాభై ఆరేళ్ల మనిషి. ఒళ్లు బరువు. మెట్లెక్కితే కుడి మోకాలు పలుకుతుంది. నావల్ల కాదంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. అయితే ఆమె ఆ క్షణంలో ఆలోచించింది తన మోకాలి గురించి కాదు. తాను ఆ రోజు భర్తను తీసుకుని ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఇక్కడ ఒక మంచం ఖాళీగా ఉండబట్టి కదా ఆయన కంటికి నిద్ర పట్టింది, అనుకుంది. సరే అంది.

ఇంటికెళ్లి చెబితే కూతురు చేతిలో గరిటె పట్టుకునే కాసేపు చూసింది.

"అమ్మా, నువ్వు బస్సు వెళ్లిపోతుంటే కూడా పరిగెత్తవు కదే."

"ఇంకో బస్సు వస్తుంది కాబట్టి పరిగెత్తను. ఇది అలాంటిది కాదు."

 మర్నాడు కూతురు తల్లి పాదాన్ని కాగితం మీద పెట్టించి పెన్సిలుతో గీసుకుని వెళ్లి, మెత్తటి బూట్లు కొనుక్కొచ్చింది.

మూడు నెలలు సాధన చేసింది. పొద్దున్నే బట్టలు ఆరేసే డాబా మీద, తీగల మధ్య సందుల్లో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేది. మొదటి వారం నాలుగు చుట్లకే తల ప్రాణం తోకకొచ్చింది. పెద్ద నర్సు కింద నుంచి అరిచి లెక్కపెట్టేది. వంటాయన బరువులో ఆమెకు సరిజోడు. మనిద్దరం పరిగెత్తుతుంటే రోడ్డు వేసినవాళ్లే వచ్చి చూసుకోవాలక్కా అనేవాడు. చివరికి కొంచెం పరుగు, కొంచెం నడక కలిపి పది కిలోమీటర్లు రెండు గంటల పది నిమిషాల్లో పూర్తిచేయగలిగింది. పందెం నియమం రెండు గంటలు. ఆ తర్వాత రోడ్డు వాహనాలకు వదిలేస్తారు. వెనకబడ్డవాళ్లను ఎక్కించుకుంటూ ఒక బస్సు వస్తుంది. పది నిమిషాలదేముంది, ఆ జనంలో ఊపు అదే వస్తుందని పెద్ద నర్సు ధైర్యం చెప్పింది.

ఊపు వచ్చింది, కాదనడానికి లేదు. మొదటి మూడు కిలోమీటర్లు ఆమెకు కాలు నేల మీద ఆనలేదు. ఎక్కడ చూసినా మనుషులు, నీలం చొక్కాలు, వీపుల మీద రాసుకున్న పేర్లు. అమ్మ, నాన్న, తాతయ్య అని ఉన్న వీపుల్ని చూస్తూ ఆ పోయినవాళ్లెవరెవరో గుర్తుపడుతూ పరిగెత్తింది. దారిలో వంతెన ఎక్కేటప్పుడు మోకాలు పలకడం మొదలెట్టింది. ఆరో కిలోమీటరు దగ్గర వంటాయన ఆగబోతే, ఆగకు, నువ్వెళ్లు, ఇద్దరం పోతే ఎనిమిదిమందే మిగులుతారు అని తరిమింది. ఆ తర్వాత చుట్టూ ఎవరూ లేరు. నీళ్లిచ్చే బల్లలు ఎత్తేస్తున్నారు. రోడ్డంతా తొక్కిపారేసిన కాగితం గ్లాసులు.

ఎనిమిదో కిలోమీటరు రాయి దాటాక వెనక నుంచి బస్సు హారన్ వినబడింది.  బస్సు పక్కకొచ్చి ఆగింది. మెడలో విజిల్ వేసుకున్న ఒకాయన దిగి, టైమైపోయిందమ్మా, ఎక్కండి, రోడ్డు వదిలేస్తున్నారు అన్నాడు, మర్యాదగానే. ఆమెకు ఏడుపొచ్చింది. నాలుగు గదులూ కళ్లముందే కూలిపోయినట్టయింది.

అప్పుడు బస్సు కిటికీలో ఆమెకు తెలిసిన ముఖం కనిపించింది. పరుపుల ఫ్యాక్టరీ యజమాని. పిక్క పట్టేసి ఏడో కిలోమీటరు దగ్గరే బస్సెక్కాడట. ఆమెను చూడగానే తల కిందికి వాల్చేశాడు. సిగ్గు ఆయనకు ఎక్కువైందో ఆమెకు ఎక్కువైందో చెప్పడం కష్టం. ఆయన లేచి, కుంటుకుంటూ బస్సు దిగాడు.

"మేం పేవ్‌మెంట్ మీద నడిచొస్తాం. రోడ్డు మీరు వదిలేసుకోండి," అన్నాడు విజిలాయనతో.

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ పేవ్‌మెంట్ ఎక్కారు. ఆయనకు ఎడమ కాలు సరిలేదు, ఆమెకు కుడి కాలు. ఒకరినొకరు పట్టుకుంటే ఇద్దరికీ కలిపి సరిగ్గా రెండు కాళ్లున్నాయి. తెరుస్తున్న దుకాణాల ముందు నుంచి, ఆపి ఉంచిన సైకిళ్లను తప్పించుకుంటూ నడిచారు.  కొంత దూరం పోయాక ఆయనే మాట మొదలుపెట్టాడు.

తన తండ్రి బతికినన్నాళ్లూ ఎవరితోనూ మాట పడని మనిషట. ఆఖరి వారంలో పక్క తడిసిపోతుంటే గోడవైపు తిరిగి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడట. ఒక మధ్యాహ్నం దుప్పట్లక్క వచ్చి పక్క మారుస్తుంటే, నీకు శ్రమ ఇస్తున్నానమ్మా అని గొణిగాడట.

"మీరేమన్నారో గుర్తుందా అక్కా? 'మీరు తడపకపోతే నాకు జీతమెవరిస్తారండీ, కానివ్వండి' అన్నారు. నాన్న పకపకా నవ్వాడు. అదే నేను విన్న చివరి నవ్వు. దాని కోసమే నేనీ పరుగుకొచ్చాను."

 ఆమె నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పడమే మంచిదనుకుంది.

"సార్, నాకు గుర్తులేదు. ఆ మాట నేను అందరికీ చెబుతాను."

ఆయన ఆగిపోయాడు. ఆమె వైపు చూశాడు. తర్వాత నవ్వు మొదలై, ఎదురొస్తున్నవాళ్లు తప్పుకునేంత గట్టిగా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, "అందరూ నవ్వుతారా?" అని అడిగాడు.

"కొందరు తిడతారు," అంది ఆమె.

వాళ్లు మైదానం చేరేసరికి పందెం ముగిసి ముప్పావు గంటైంది. గాలితో నిలబెట్టే పెద్ద ద్వారంలో గాలి తీసేశారు. అది నేలమీద చచ్చిన జంతువులా పడి ఉంటే ఇద్దరు పనివాళ్లు చుట్టబోతున్నారు. వాళ్లను చుట్టనివ్వకుండా పెద్ద నర్సు దాని కొసమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. మిగిలిన ఎనిమిదిమందీ చుట్టూ నిలబడ్డారు. వీపుల మీద పేర్లున్న నీలం చొక్కాల వాళ్లు కూడా చాలామంది ఇళ్లకు వెళ్లలేదు. నేలమీద తెల్లగీత ఇంకా చెరగలేదు. దుప్పట్లక్క ఆ గీత దాటింది. వంటాయన ఒక్కడే ఈల వేశాడు. మిగతావాళ్లు వచ్చి ఆమెను పట్టుకున్నారు.

కాసేపటికి మేనేజరు, నిజాయితీపరుడు కాబట్టి, రెండు గంటల నియమం సంగతి ఎత్తాడు. యజమాని గడ్డిలో కూలబడి పిక్క రుద్దుకుంటున్నాడు.

"నా కాగితంలో టైమ్ రాశామా?"

"లేదండీ."

"మరింకేం."

మర్నాడు దుప్పట్లక్క పనికైతే వచ్చింది గానీ డాబా మెట్లు ఎక్కలేకపోయింది. దుప్పట్లు ఆయాలిద్దరూ ఆరేశారు. ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో మంచం దగ్గరికీ తీసుకెళ్లి, పరుగు సంగతి చెప్పమన్నారు. పదకొండేళ్లలో ఆ గదుల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. రెండో నంబరు మంచం మీది ముసలామె అంతా విని, ఎన్నో స్థానం వచ్చిందే నీకు అని నీరసంగా అడిగింది. వెనక నుంచి మొదటిది అని చెబితే, ముసలామె నవ్వి, బూట్లు తెచ్చి చూపించమంది. చేత్తో తడిమి చూసి, మెత్తగా ఉన్నాయంది.

గదులు లేవడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి గది తెరిచిన పొద్దున దుప్పట్లక్కే పక్క పరిచింది, ముడతలు రెండుసార్లు సరిచేసింది. కబురందుకున్న మొదటి కుటుంబం అప్పటికే గేటు దగ్గర బండి దిగుతోంది. నా కాళ్లు అంత దూరం నడిచాయంటే నాకే నమ్మకం కుదరడం లేదని పక్కనున్న నర్సుతో అంటూ, తలుపు బార్లా తెరిచి, వాళ్లకు ఎదురెళ్లింది.