ఆరుగురు కూర్చునే బెంచీ

మా చిన్నప్పుడు నేను పడుకున్నది మంచం మీద కాదండి... గుడి బెంచీ మీద.

వన్‌టౌన్‌లో ఒక్క గది అద్దె ఇల్లు మాది. నాన్న హార్బర్‌లో ఓడ సరుకులు మోసే కళాసీ. ఇంట్లో సామాను అంటే రెండు చాపలు, ఒక ట్రంకుపెట్టె, వంటగిన్నెలు... అంతే. ఎవరైనా ఇంటికొస్తే అమ్మ చాప దులిపి పరిచేది. వాళ్లు ఆ నేల మీద సర్దుకుని కూర్చునేదాకా అమ్మ తల ఎత్తేది కాదు. ఆ దించుకున్న మొహం నాకు ఇప్పటికీ గుర్తే...

పక్కింటివాళ్లు ఇనప మడతకుర్చీలు కొన్నారు. ఆకుపచ్చ రంగు, తళతళ మెరిసేవి. అమ్మ అలాంటివే అడిగింది. నాన్న సరేనని వెళ్లాడు. వచ్చేటప్పుడు కుర్చీలు రాలేదు... నలుగురి భుజాల మీద ఒక పొడుగాటి పాత బెంచీ వచ్చింది.

మా గుడిలో, అదే మా చర్చిలో, కొత్త బెంచీలు చేయించి, పాతవి సంఘంలో వాళ్లకి చవగ్గా ఇచ్చేశారట. ఒళ్లంతా గీతలు. వెనకవైపు పాటల పుస్తకం పెట్టుకునే అర కూడా అలాగే ఉంది. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"కుర్సీలు తెమ్మంటే గుడినే మోసుకొచ్చీసినావేటయ్యా" అంది.

నాన్న బెంచీని బోర్లించి, అడుగున తడిగుడ్డతో తుడిచాడు... రంగం టేకు. ఎప్పుడో ఓడ మీద రంగూన్ నుంచి దిగిన కర్ర. ఒక్క ఇనప మేకు లేదు.

"పైన రంగు ఎవుడైనా ఏత్తాడు... అడుగున సూడు" అన్నాడు.

అడుగు బాగానే ఉంది కానీ, బెంచీ మాత్రం మా గుమ్మంలో పట్టలేదు. నాన్న అన్నీ చూశాడు... గుమ్మం కొలత ఒక్కటే చూసుకోలేదు. వీధంతా నవ్వింది. వడ్రంగి వచ్చి, ఒక పక్క రెండడుగులు కోసేస్తే సరిపోతుందన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"ఇప్పుడు ఆరుగురు కూకుంటారు. కోత్తే నలుగురే. ఆ ఇద్దర్నీ నేల మీద కూకోమని నాను సెప్పలేను."

అలా బెంచీ వరండాలోనే ఉండిపోయింది. వాన కురిస్తే గోనెపట్టాలు కప్పేవాళ్లం. నేను చదివిన ఆ ఎనిమిదో తరగతి దాకా చదువంతా దాని మీదే. అమ్మ బియ్యం ఏరింది దాని మీదే. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా, చావయినా ముందు మా బెంచీ కోసం వచ్చేవారు. అమ్మ తల ఎత్తుకుని ఇచ్చేది.

నాన్న పోయినప్పుడు ఆయన శవపెట్టెను ఉంచింది కూడా దాని మీదే... అంతకు వారం ముందు నా చెయ్యి పట్టుకుని, "బెంచీ కొయ్యకురా" అన్నాడు. అంతకు మించి నాకేమీ అప్పజెప్పలేదు.

ఆ మాట కోసం మూడు ఇళ్లు మారినా వరండా ఉన్న ఇల్లే వెతికాను. మా ఆవిడ వంటగది చూసేది, నేను వరండా చూసేవాణ్ణి.

ఇప్పుడు మా అమ్మాయి గ్రేసీ, అల్లుడు కలిసి గాజువాకలో ఫ్లాట్ కొనుక్కున్నారు. మా వంశంలో సొంత ఇల్లు అన్నది ఇదే మొదటిదండి... తాళంచెవి నా చేతిలో పెట్టినప్పుడు నా సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇల్లు కొనేసరికి వాళ్ల చేతులు ఖాళీ అయ్యాయి. అయినా గృహ ప్రార్థనకి పదిమందీ వస్తారు కదా అని సామాన్ల కొట్టుకి వెళ్లాం. కొట్టతను మెరిసిపోయే సోఫా చూపించాడు. మా అమ్మాయి వంగి, దాని అడుగున గోటితో గీసింది. చెక్కపొట్టు రాలింది.

నేను దానికి ఈ పని ఎప్పుడూ నేర్పలేదు...

బయటికొచ్చాక, "నాన్నా, మన బెంచీ ఇత్తావా" అంది.

ఇవ్వకేం. అల్లుడూ వాడి స్నేహితులూ మోసుకొచ్చారు. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా తీసుకెళ్తే రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుంది. కొలత చూసుకోకపోవడం మా ఇంటి జబ్బు అనుకుంటాను... వడ్రంగి ఆచారిని పిలిపించాం. ఆయన అటూ ఇటూ చూసి, కొయ్యకపోతే ఎక్కదు బాబూ అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఆ మెట్ల మలుపులోనే బెంచీ అంచు మీద కూర్చుండిపోయాను.

"వద్దు నాన్నా. తాత మాటుంది కదా. పట్టుకెళ్లిపో. వచ్చినోళ్లకి సాప ఏత్తాన్లే" అంది గ్రేసీ. అంటూ తల దించుకుంది.

ఆ దించుకున్న తల మా అమ్మదే...

ఆచారిని అడిగాను. సరిగ్గా సగానికి కోసి, కోసిన చోట కొత్త కాళ్లు పెట్టి రెండు బెంచీలు చేస్తే ఎంతమంది కూర్చుంటారని.

"దీని మీద ముగ్గురు, దాని మీద ముగ్గురు."

"అయితే కొయ్యి" అన్నాను.

పెన్సిల్ గీత నేనే గీశాను. రంపం దిగుతుంటే మెట్ల మీదంతా టేకు వాసన... పైనంతా నల్లబడిన ఆ కర్ర, లోపల తేనెరంగులో నిన్న కోసినట్టే ఉంది. ఇన్నేళ్లూ అది లోపల అలాగే ఉందండి. నాన్న పెట్టె మోసిన రోజున కూడా.

మొన్న గృహ ప్రార్థన జరిగింది. రెండు బెంచీలూ ఎదురెదురుగా వేశారు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. లెక్కపెట్టి చూసుకున్నాను... నాన్న చెప్పిన ఆరుగురూ ఉన్నారు. నాకే చోటు లేదు. గోడకి ఆనుకుని ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాను. జీవితంలో అంత సంతోషంగా నేనెప్పుడూ నిలబడలేదు.

ఇప్పుడు సామాను ఫోన్‌లో చూసి కొంటున్నాం... ఫోన్‌లో అడుగు కనిపించదు కదండి. మీ ఇంట్లో ఇంకా బోర్లించి చూడదగ్గ వస్తువు ఒక్కటైనా మిగిలి ఉంటే, దాన్ని మొదట ఎవరు మోసుకొచ్చారో నాకు రాయండి... చదవాలని ఉంది.