చదవనన్న డిస్కు
బత్తలపల్లె బస్టాండు పక్కన కుళ్ళాయప్ప దుకాణానికి ఇప్పుడు పాత పెళ్ళి డిస్కులే వస్తాయి. కంప్యూటరు చదవనన్న డిస్కును ఆయన ముందు ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు. లుంగీ అంచుతో నడిమి నుంచి బయటికి తుడుస్తాడు, గుండ్రంగా ఎన్నడూ తుడవడు. అప్పటికీ మొండికేస్తే, ఒకప్పుడు ఆ డిస్కులన్నీ రాసిన పాత డ్రైవును అటక మీంచి దించి తగిలిస్తాడు. దానికి లొంగని డిస్కు లేదని పేరు. నారాయణమ్మ కూతురి పెళ్ళి డిస్కు ఒక్కటే వారమైనా చదవడం లేదట. ఆ పెళ్ళి వీడియో తీసిందీ ఆయనే, ఆ డిస్కును ఒక్కసారైనా ఎండకెత్తనిదీ ఆయనే.

“నీ చేత కాకుంటే ఇచ్చేయప్పా. శెనక్కాయ చేన్లో కట్టుకుంటా, ఆ మెరుపుకు కాకులన్నా బెదురుతాయి,” అంది నారాయణమ్మ. చేత కాకపోవడమనే మాట ఆయనకు గుచ్చుకుంది. పాత డ్రైవు దించి డిస్కు పెట్టాడు. రెండు నిమిషాల్లో బొమ్మ కదిలింది. పెళ్ళి మెరవణి వీధిలో సాగుతోంది. స్టాండు మీద వదిలేసిన కెమెరా ముందు, తువ్వాలు పళ్ళతో పట్టుకుని ఒక సన్నటి మనిషి పాములా మెలికలు తిరుగుతున్నాడు.

“ఈ ఎగిరేటోడు ఎవరప్పా? అచ్చం నీ మాదిరే ఉండాడు.”

కుళ్ళాయప్ప డిస్కు బయటికి లాగి, లుంగీ అంచుతో తుడవసాగాడు. “డ్రైవు తప్పు చదువుతాండాదిలే అక్కా,” అన్నాడు.