పిల్లి ఒప్పుకోదు

మావగారు పిల్లి తిండి తింటారు. పొరపాటున ఏదో ఒకసారి తినడం కాదు, పందెం కాసి తినడం అంతకన్నా కాదు. ఆదివారాలు తప్ప ప్రతిరోజూ ఉదయం పదింటికి, స్టీలు చెంచాతో, ఇరవై ఆరేళ్లుగా తింటున్నారు. పెళ్లికి ముందు ఈ సంగతి వాళ్లమ్మాయి అల్లుడికి చెప్పలేదు. "చెబితే చేసుకునేవాడివా?" అని ఇప్పటికీ అడుగుతుంది. అతను ఇప్పటికీ జవాబు దాటేస్తాడు.

ఊరి చివర పిల్లుల తిండి తయారుచేసే ఫ్యాక్టరీలో మావగారిది రుచి చూసే ఉద్యోగం. కొత్త సరుకు తయారవగానే ఒక గిన్నెడు ఆయన గదికి వస్తుంది. ఆయన చెక్కకుర్చీలో సర్దుక్కూర్చుని పెద్దావిడని ఒళ్లోకి తీసుకుంటారు. పెద్దావిడంటే వెనక గదిలో ఆయన పెంచుకునే తొమ్మిది పిల్లుల్లో పెద్దది, ఒక చెవి చిరిగిన గోధుమరంగు ముసలి పిల్లి. తర్వాత చెంచాతో నాలుగు పలుకులు తీసి, తొందరేం లేనట్టు ఒడి మీదుగా పైకి తెచ్చి, నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటారు. ఎడమచెయ్యి పిల్లి పొట్టమీదే ఉంటుంది. ఆ నిమిషంసేపు గదిలో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోరు. ఆయన కళ్లు తెరిచి "పిల్లి తింటుంది" అంటే లారీలు కదులుతాయి. "పిల్లి ఒప్పుకోదు" అంటే పది టన్నుల సరుకు వెనక్కి పోతుంది. మూడో మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఫ్యాక్టరీ అంతటికీ ఆయన నాలికగారు.

అల్లుడు అదే ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాడు. కొత్తగా వచ్చిన మెషీను అతని చేతికిచ్చారు. మాంసకృత్తులెంత, కొవ్వెంత, తేమెంత అని అది దశాంశాలతో సహా చెబుతుంది. చేరిన మొదటివారంలోనే ఒక సరుకుని మెషీను భేషంది. నాలికగారు చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి, తెరిచి, "పిల్లి ఒప్పుకోదు" అన్నారు.

"ఎందుకు ఒప్పుకోదు మావయ్యగారూ? అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా!"

"పిల్లి అంకెలు తినదు బాబూ."

అల్లుడు పట్టుదలకొద్దీ ఒక దోసెడు పట్టుకెళ్లి గేటు దగ్గర వాచ్‌మన్ పెంచుకునే పిల్లికి పెట్టాడు. అది వాసన చూసింది. అతని ముఖంలోకి ఒకసారి చూసింది. గిన్నెకి వీపు తిప్పి కూర్చుంది. వాచ్‌మన్ బీడీ పక్కన పెట్టి, "నాలికగారు వద్దన్నదేనా బాబూ? ముందే చెబితే దానికీ శ్రమ తప్పేది కదా!" అన్నాడు.

ఆ రోజునుంచి అల్లుడికి మావగారంటే భక్తి పట్టుకుంది. మనిషి నాలికేమిటి, పిల్లి మనసులో మాట చెప్పడమేమిటి! మెషీనుకి దొరకనిది నాలుగు పలుకుల్లో ఆయనకెలా దొరుకుతోంది? రాత్రీ పగలూ అదే ధ్యాస అయిపోయింది.

ఒక ఆదివారం అత్తగారు అందరికీ కాఫీ ఇచ్చారు. అల్లుడు ఒక్క గుక్క తాగి, మింగలేక కక్కలేక బిగుసుకుపోయాడు. చక్కెరకి బదులు ఉప్పు పడింది. అతని భార్య కప్పు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. మావగారు మాత్రం ఆఖరి చుక్కదాకా తాగి, కప్పు కింద పెట్టి, "అమోఘం!" అన్నారు.

అల్లుడికి కళ్లు చెమర్చాయి. చెడిన కొవ్వు వాసన కూడా పసిగట్టే నాలిక అది. అలాంటి నాలికకి ఉప్పు కాఫీ అంటే ఎంత నరకం! అయినా భార్య మనసు నొచ్చుకోకూడదని మొహంలో ఒక్క గీతయినా కదలనివ్వలేదు. ఇంతటి మనిషికి అల్లుడినయ్యానా అని అతను ఆ పూటంతా పొంగిపోయాడు.

మర్నాడే సాధన మొదలుపెట్టాడు. కారం మానేశాడు, పులుపు మానేశాడు, కాఫీ ఎలాగూ మానేశాడు. రోజూ పొద్దున్నే ఒక చెంచా పిల్లి తిండి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. మొదటి వారం వాంతులు. రెండోవారం ఎక్కిళ్లు. మూడోవారానికి చేప రకానికీ కోడి రకానికీ తేడా తెలుస్తున్నట్టు అనిపించి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. డబ్బా మీది కాగితం చూసుకుంటే రెండూ కోడే.

"నా పక్కన పడుకోవాలంటే రెండుసార్లు పళ్లు తోముకుని రా" అంది భార్య.

మావగారు ఈ సాధన చూస్తూ ఏదో చెప్పబోయి ఆగిపోయేవారు. "మరీ ఎక్కువ తినకు బాబూ, అరగదు" అని మాత్రం అనేవారు. గురువుగారి వినయం ఇంకా ఎలా ఉంటుంది అనుకునేవాడు అల్లుడు.

అంతలో కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకి భక్తీ లేదు, భయమూ లేదు. వచ్చిన నాలుగోరోజునే అందరినీ పిలిచాడు.

"ఇంత ఫ్యాక్టరీ ఒక ముసలాయన నాలిక మీద నడుస్తోందా? బయట చెప్పుకుంటే నవ్విపోతారు. శనివారం పరీక్ష పెడదాం. ఏడు గిన్నెలు. ఒకదాంట్లో చెడిపోయిన నూనె నా చేత్తో కలుపుతాను. ఏదో ఆయన చెప్పాలి. చెప్పలేకపోతే ఆ గది మూసేద్దాం. పాత పద్ధతే మేలు. వెనక గదిలో ఉన్న తొమ్మిది పిల్లుల్నీ బోనుల్లో పెట్టి, ముందురోజు పస్తుంచి, వాటిచేతే తినిపిద్దాం. ముసలివాటిని పంపించేసి కుర్రవాటిని తెప్పిద్దాం."

ఉద్యోగం పోతుందన్నా మావగారు చలించలేదు. ఒక్కటే అడిగారు. "పస్తంటే ఎన్ని గంటలు సార్?"

"ఒక రోజు. ఏం?"

"ఏం లేదు" అన్నారాయన. కానీ ఆ మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. పెద్దావిడని ఎత్తుకుని పిల్లుల గదిలో చాలాసేపు కూర్చున్నారు.

శనివారం రానేవచ్చింది. మేనేజరు గిన్నెలకి అంకెలు వేసి, చెడ్డదాని అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. మొదట మెషీను వంతు. ఏడూ భేషంది. చెడ్డనూనె మంచినూనె అనే ప్రశ్న దాన్నెవరూ అడగలేదు మరి. ఎవరూ చూడకుండా అల్లుడు కూడా ఏడూ రుచి చూశాడు. నెలరోజుల సాధన ఊరికే పోలేదు. చెడ్డది రెండోది, సందేహం లేదు.

మావగారు కుర్చీలో కూర్చుని పెద్దావిడకోసం చేతులు చాచారు. మేనేజరు అడ్డం వచ్చాడు.

"పిల్లి ఒళ్లో వద్దు. పరీక్ష పరీక్షలాగే ఉండాలి."

మావగారి మొహంలో నెత్తురు లేదు. ఇరవై ఆరేళ్లలో ఆయన తడబడడం ఎవరూ చూడలేదు, అప్పుడు చూశారు. పెద్దావిడ నేలమీద నిలబడి గోల పెట్టింది. బయటపెడితే తలుపు గోకింది. లోపలికి రానిస్తే మళ్లీ గోల.

"ఇలా అయితే పరీక్ష సాగదు సార్" అన్నారు మావగారు చివరికి. "పోనీ కాసేపు మీరే ఒళ్లో పెట్టుకోండి. నా పక్కనే కూర్చోండి. ప్రతి చెంచా మీ కళ్లముందునుంచే తీసుకుంటాను. రేపు మోసం అన్న మాట రాకూడదు."

మేనేజరుకి ఈ మాట నచ్చింది. ఇస్త్రీ ప్యాంటు మీద పెద్దావిడని కూర్చోబెట్టుకున్నాడు.

మొదటి చెంచా లేచింది. మేనేజరు ఒడి మీదుగా, ఆయన గడ్డం ముందునుంచి తిరిగి, మావగారి నోట్లోకి చేరింది. "పిల్లి తింటుంది." రెండోది. అల్లుడు ముందుకి వంగాడు. "పిల్లి తింటుంది" అన్నారు మావగారు. అయిపోయింది, గురువుగారు తప్పారు! అల్లుడి కళ్లకి తొమ్మిది పిల్లులూ బోనుల్లో కనిపించాయి. మూడోది తింటుంది. నాలుగోది తింటుంది.

అయిదో చెంచా మేనేజరు ఒడి మీదుగా వెళ్తుండగా పెద్దావిడ ముక్కు ఒకసారి కదిలింది. మొహం పక్కకి తిప్పుకుంది. కుడికాలు ఎత్తి మేనేజరు ప్యాంటు మీద మట్టి కప్పుతున్నట్టు బరబరా గోకింది. అక్కడ మట్టి లేదు, మేనేజరు తొడ ఉంది.

"అబ్బా! దీనికేం పోయేకాలం?"

మావగారు చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన కళ్లు పూర్తిగా మూసుకోలేదు. అల్లుడు మొదటిసారి అది గమనించాడు. ఆ సగం తెరిచిన కళ్లు ఎటు చూస్తున్నాయో కూడా గమనించాడు.

"పిల్లి ఒప్పుకోదు" అన్నారు మావగారు.

ఆరు, ఏడు కూడా పిల్లి తింటుందన్నాక మేనేజరు జేబులోంచి కాగితం తీశాడు. చాలాసేపు చూశాడు. అందరికీ తిప్పి చూపించాడు. అయిదు.

"నాలికగారూ, తప్పయిపోయింది" అన్నాడు పాపం, పిల్లి ఇంకా ఒళ్లో ఉండగానే లేచి నిలబడబోతూ. "మీ గది మీదే. ఆ పిల్లుల జోలికి ఎవరూ వెళ్లరు." ప్యాంటు దారాలు వేలాడుతున్నా ఆయన పట్టించుకోలేదు.

అందరూ చప్పట్లు కొడుతుంటే అల్లుడొక్కడే కొయ్యబారి నిలబడ్డాడు. ఒడి మీదుగా వచ్చే చెంచా. మూసిన కళ్లు. పొట్టమీద చెయ్యి. ఇన్నేళ్లూ అంతా అందరి కళ్లముందే జరిగింది!

సాయంత్రం పిల్లుల గదిలో మావగారిని నిలదీశాడు.

"మావయ్యగారూ, నిజం చెప్పండి. మీ నాలిక..."

"ఏడో ఏట జ్వరం వచ్చింది బాబూ. పోతూ పోతూ రుచి పట్టుకుపోయింది. ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు నాకు."

"మరి ఇదంతా?"

"నేనిక్కడ సంచులు కుట్టేవాణ్ని. అప్పట్లో వీటిని ఇలాగే పస్తుంచి తినిపించేవాళ్లు. ఆకలి రుచెరగదంటారు కదా, కడుపు మాడినవి ఏం పెట్టినా తినేవి. చెడ్డ సరుకు కూడా బజారుకి పోయేది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లిని సంచిలో వేసి ఎక్కడో వదిలేసేవాళ్లు. నేను పెద్దవాళ్లకి చెప్పి చూశాను. పిల్లి మాట నీకేం తెలుసన్నారు. ఒకరోజు పెద్దావిడ వాళ్లమ్మమ్మకి చాటుగా కడుపునిండా పెట్టాను. ఆ తర్వాత కొత్త సరుకు చూపిస్తే నేల గోకింది. నేను వెళ్లి యజమాని ముందు ఒక పలుకు నోట్లో వేసుకుని నూనె చెడిందన్నాను. చూస్తే నిజమే. పిల్లి చెబితే విననివాళ్లు మనిషి చెబితే విన్నారు. అప్పట్నుంచి నేను నాలికని. వీళ్లు పనివాళ్లు కారు, నా ముచ్చటకొద్దీ పెంచుకునేవాళ్లు. పనివాళ్లయితేనే కదా పస్తులూ, తీసెయ్యడాలూ!"

చుట్టూ తొమ్మిది పిల్లులు కడుపులు నిండి, నాలుగు దిక్కులా కాళ్లు చాచి పడుకుని ఉన్నాయి. అల్లుడు వాటి మధ్య చతికిలబడ్డాడు. గొప్ప నాలిక ఉండి రుచి చెప్పడం ఏం గొప్ప? నాలికే లేకుండా ఇరవై ఆరేళ్లు!

ఉన్నట్టుండి ఒకటి గుర్తొచ్చింది.

"నేను నెలరోజులు తిన్నాను కదా మావయ్యగారూ!"

మావగారు తల దించుకున్నారు. "చెబుదామనే అనుకున్నాను. నువ్వు అంత శ్రద్ధగా తింటుంటే మనసొప్పలేదు."

ఇంటికెళ్లేసరికి అత్తగారు కాఫీ తెచ్చారు. పండగలాంటి రోజు కదా అని అల్లుడు కూడా కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఉప్పు.

"అమోఘం!" అన్నారు మావగారు, ఖాళీ కప్పు ముందుకి తోస్తూ.

అల్లుడు తన కప్పు పట్టుకుని మెల్లిగా వంటింట్లోకి వెళ్లాడు. "అత్తయ్యగారూ, మళ్లీ ఉప్పు పడింది."

అత్తగారు ఉలిక్కిపడి గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించారు. "అయ్యో, మీ కప్పు కూడా అందులోంచే పోశానా! పడలేదు బాబూ, నేనే వేశాను. అప్పుడప్పుడూ వేసి చూస్తుంటాను."

"దేనికండీ?"

"ఆయన నోటికి పొరపాటున రుచి తిరిగొచ్చేసిందేమోనని. వస్తే ఇంక ఆ తిండి ముట్టుకోగలరా? అప్పుడా పిల్లుల గతేం కాను?"

అల్లుడు ఆవిడ వంక చూశాడు. హాల్లో మావగారి వంక చూశాడు. కళ్లు మూసుకుని, మిగిలిన కాఫీ ఆఖరి చుక్కదాకా తాగేసి, "అమోఘం!" అన్నాడు.