వదినతో తిరిగిన గుట్టలు

పోయిన నెలలో మా వదినా నేనూ మోకాళ్ళు చూపించుకోవడానికి మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్తుంటే, కారు నడుపుతున్న ఆమె అల్లుడు పెద్దపల్లి ఇంకా రాకముందే, మా పాత ఊరి గుట్ట కనబడగానే బండి నెమ్మది చేశాడు. గుట్టకు ఇప్పుడు కింది నుంచి పైదాకా సిమెంటు మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు, మొదట్లో పెద్ద బోర్డు, ఆ బోర్డు ముందు ఫోటోలు దిగుతున్న కాలేజీ పిల్లలు. కాసేపు దిగుతారా అత్తమ్మా అని అతను మర్యాదగా అడిగితే, వదిన అద్దంలోంచి ఒక్కసారి పైకి చూసి, "ఏం దిగుడు బిడ్డా, పోనియ్యి" అని కళ్ళు మూసుకుంది. నాకూ దిగాలనిపించలేదు. డాక్టరు గది ముందు కుర్చీలో కూర్చున్నంతసేపూ, తిరిగి వచ్చేటప్పుడూ, ఆ తర్వాత కూడా, ఆ గుట్ట నన్ను వదలలేదు.

వదిన మా ఇంటికి వచ్చింది జైనూర్ అవతల కొండల్లో ఉన్న ఒక చిన్న ఊరి నుంచి. మాటలో కొంచెం మరాఠీ విరుపు, నడకలో ఎక్కుతూ దిగుతూ పెరిగిన మనిషికుండే తేలిక. ఎటు చూసినా వరిమళ్ళే ఉండే మా చదును నేల ఆమెకు మొదటి నుంచీ ఊపిరాడనట్టే ఉండేదని నాకు తర్వాత అర్థమైంది. పెళ్ళయిన ఏడాది తిరక్కముందే అన్న దుబాయి వెళ్ళాడు. మొదట్లో సెలవు మీద వచ్చేవాళ్ళ చేత కబురు పంపేవాడు, అప్పుడప్పుడు తన మాటలు నింపిన క్యాసెట్టు పంపేవాడు, ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. తర్వాత అదీ ఆగిపోయింది. పక్క ఊరి నుంచి అక్కడికి వెళ్ళి వచ్చిన ఒకాయన, మావాడు పని వదిలి ఎటో వెళ్ళిపోయాడని మాత్రం చెప్పగలిగాడు. ఇక ఆ రోజు నుంచి నీళ్ళ దగ్గరా, నాట్ల దగ్గరా, చర్చి గుమ్మంలోనూ అందరిదీ ఒకటే ప్రశ్న, ఏమన్నా తెలిసిందా అని. వాళ్ళు ప్రేమతోనే అడిగేవాళ్ళు. కాని రోజూ అదే జవాబు చెప్పీ చెప్పీ ఆ పిల్ల ముఖం గోడలా అయిపోయింది.

నేనప్పుడు టీచరు ట్రైనింగు ముగించి ఊళ్ళోని మిషన్ బడిలో కొత్తగా చేరాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వస్తుంటే వదిన గుట్ట మీది గోడ వైపు చూపించి, "ఆ గోడ ఎవలు కట్టిండ్రు పిల్లా?" అని అడిగింది. పుట్టిన దగ్గర నుంచీ ఆ గోడ కింద బతుకుతున్నదాన్ని, దాన్ని గురించి నాకేమీ తెలియదు. పోయి చూద్దామా అంది. అవ్వకు, అంటే మా అమ్మకు, నచ్చలేదు. మొగుడి జాడ తెలియని మనిషి గుట్టలు పట్టుకు తిరిగితే నలుగురూ ఏమనుకుంటారని ఆమె బాధ. బాపు మాత్రం, "పోనియ్యే. ఇంట్ల కూసుంటె ఏం జేస్తది? వచ్చినోళ్లు పోయినోళ్లు అడుగుడే అడుగుడు" అని పంపించాడు.

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. మెట్లూ కడ్డీలూ లేని రోజులు కాబట్టి మేకలు వేసిన దారే మా దారి. పైన సగం కూలిన కోటగోడ, ధాన్యం దాచడానికి రాతిలో తొలిచిన గొయ్యి, దాంట్లో మొలిచిన సీతాఫలం చెట్లు, అక్కడి నుంచి చూస్తే మా ఇల్లు అగ్గిపెట్టెంత. ఇంకో వారం పాడుబడిన మిషన్ బంగ్లా, దాని వెనక దొరల సమాధులు. అందులో ఒకటి పసిపిల్లది. ఎక్కడో సముద్రాల అవతల నుంచి వచ్చి మా తుమ్మముళ్ళ మధ్య బిడ్డను పూడ్చిపెట్టుకుని వెళ్ళింది ఆ తల్లి. వదిన కొంగుతో దాని మీది ఆకులు తుడిచి పక్కన కూర్చుంది. ఇప్పుడైతే దీన్నంతా చరిత్ర అంటున్నారు. మాకది చరిత్ర కాదు, మమ్మల్ని ఏమీ అడగని చోటు.

ఒకసారి ఒక చెలక గట్టు మీద సగం భూమిలో దిగబడిన రాయి కనిపించింది. దాని మీద కత్తి పట్టిన మగమనిషి, పక్కనే గాజుల చెయ్యి పైకెత్తిన ఆడమనిషి. అక్కడే కలుపు తీస్తున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, వాళ్ళత్త చెప్పిన కథే మాకు చెప్పింది: "ఈయన లడాయిల సచ్చిండట. ఈమె ఆయనెంటనే మంటల దుంకిందట." వదిన ఆ రాతి చేతిని చాలాసేపు చూసింది. తిరిగి వస్తుంటే సగం దారిలో, నాతో కాకుండా తనలో తను అనుకుంటున్నట్టుగా, "ఆయన సచ్చిండని ఆమెకు తెల్సింది గద. గంతన్న తెల్సింది" అంది.

ఆ మాట నాకు అన్నం సహించనివ్వలేదు. ఇంట్లో అవ్వకు చెప్పాను. అవ్వ ఇక ఆ పిల్లను రెప్పపాటు కూడా ఒంటరిగా వదలొద్దని నాకు చెప్పింది.

వానలు పడ్డాక ఊరవతల పాత తోటలోని మెట్లబావికి వెళ్ళాం. నీళ్ళు పై మెట్ల దాకా వచ్చి పచ్చగా నిలిచి ఉన్నాయి. వదిన చెప్పులు చేతిలో పట్టుకుని దిగుతుంటే నేను గబగబా వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆగి నా చేతిని చూసింది, నా ముఖం చూసింది.

"మీ అవ్వ చెప్పిందా, పట్టుకొమ్మని?"

నేను చెయ్యి తీసేశాను.

"దుంకేదాన్నైతే ఇంత దూరం నడుస్తనా పిల్లా? మనింటెనుక బాయి లేదా?" అని, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నవ్వి, కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి నెమ్మదిగా చెప్పింది. "నడిస్తె జర పానం ఊకుంటది. ఆయన ఉన్నడో లేడో యాదికి రాదు. ముల్లు కుచ్చుతదేమోనని కిందికే సూస్త. గంతే. ఫికర్ జెయ్యకు."

అట్లా మూడు వానాకాలాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చేతిలో ప్లాస్టిక్ సంచితో ఒక మనిషి గుమ్మంలో నిలబడితే, అవ్వ ఆనవాలు పట్టలేక, "ఎవలు బిడ్డా?" అని అడిగింది. "నేనే అవ్వా" అన్నాడు. చాటలో బియ్యం ఏరుతున్న వదిన చాట కింద పెట్టి లేచి వెళ్ళి స్నానానికి నీళ్ళు కాచింది. ఆమె ఏడవగా నేను చూడలేదు. అన్న చెప్పింది కూడా ముక్కలు ముక్కలుగానే: ఎడారిలో మేకల వెంట పెట్టారని, తట్టుకోలేక పారిపోయాడని, కాగితాలు లేక దాక్కున్నాడని, పట్టుబడి జైల్లో ఉన్నాడని, చివరికి వాళ్ళే విమానం ఎక్కించారని. మిగతాది అడగడానికి మాకు మనసొప్పలేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం వదిన అతన్ని, "కోట చూపిస్త రా" అని పిలిచింది. ఆమె గొంతులో అంత ఉత్సాహం నేను అంతకుముందు వినలేదు. ముగ్గురం బయలుదేరాం. గుట్ట మొదట్లోకి రాగానే అన్న ఒక బండ మీద కూర్చుండిపోయాడు. "ఎండ, రాళ్లు. సాలినంత సూసిన. నన్ను ఎక్కమనకు" అన్నాడు. వదిన పైకి ఒకసారి చూసి, "నువ్వు పోయిరా పిల్లా" అని నాతో చెప్పి అతని పక్కన కూర్చుంది. నేనొక్కదాన్నే ఎక్కాను. పైన అదే గోడ, అదే గొయ్యి, కాని నిలబడబుద్ధి కాక వెంటనే దిగాను. వాళ్ళిద్దరూ ఆ బండ మీదే ఉన్నారు, ఆమె మాత్రం ఎండ వైపుకు జరిగి, తన నీడ అతని మీద పడేట్టు కూర్చుని ఉంది.

ఆ తర్వాత వదిన ఎప్పుడూ గుట్ట ఎక్కలేదు. ఒకసారి అడిగితే, "నేను కండ్ల ముందర లేకపోతె ఆయన పరేషాన్ అయితడు" అంది. నాట్లు వేసింది, ఇద్దరు ఆడపిల్లలను పెంచింది, అన్న పోయేదాకా ఆయన కంటికి కనబడేంత దూరంలోనే ఉంది.

మా పక్కింటి కోడలి మొగుడూ ఇప్పుడు దుబాయిలోనే ఉన్నాడు. సాయంత్రమైతే ఫోనులో అతని ముఖం, అతను తింటున్న రొట్టె, అతని గదిలో మంచం అన్నీ కనబడతాయి. మొన్న ఆ పిల్లను, ఊరికే అలా గోదావరి ఒడ్డు దాకా నడిచొద్దామా అన్నాను. "వద్దు పెద్దమ్మా, ఆయన ఫోన్ జేస్తె ఎక్కడున్నవ్, చూపియ్యి అంటడు" అంది. నేను మళ్ళీ అడగలేదు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళు ఎక్కడున్నారో మనకు తెలిసేది కాదు, మనం ఎక్కడ తిరుగుతున్నామో వాళ్ళకూ తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం మా వదిన వయసును తినేసింది. ఆమె తన కాళ్ళ మీద తనకిష్టమైన చోటికి నడిచింది కూడా ఆ కొన్నేళ్ళే. ఇందులో ఏది మేలో తేల్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు.