రాజక్క తిప్పిన యాంటెన్నా

చందనవెల్లిలో మా కొత్త ఆఫీసు గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెట్టగానే ఇటుక పొడి వాసన గుప్పుమంది. వైఫై బిగించేవాళ్లు ముక్కులకు రుమాళ్లు కట్టుకున్నారు. నేను మాత్రం వెర్రిదానిలా అక్కడే నిలబడి ఆ వాసన పీల్చాను. "మేడమ్, దుమ్ము! ఇవతలికి రండి" అని అంతా ఒకటే గోల. వాళ్లకేం తెలుసు? ఆ వాసనకు నా కళ్ల ముందు రాజక్క వచ్చి నిలబడింది.

రాజక్కది చేవెళ్ల. బస్టాండు దగ్గర ఫ్యాన్లు, వైర్లు, రూటర్లు అమ్మే దుకాణం. తాతల నాటి కిరాణా అన్నదమ్ములు చూసుకుంటుంటే, తను ఈ కరెంటు సామాన్ల వైపు వచ్చింది. మెత్తగా మాట్లాడటం ఆమెకు బొత్తిగా చేతకాదు. యాంటెన్నా కావాలని ఎవరైనా అడిగితే, "ఇల్లు చూడకుంట నేనియ్య. ఇవేమన్న దగ్గు గోలీలా?" అని పంపేసేది. మొయినాబాద్ ఫామ్‌హౌసుల వాళ్లు కారు దిగి అడిగినా అదే జవాబు. మొహం మాడ్చుకుని పక్క దుకాణానికి పోయినవాళ్లు బోలెడు మంది. అంత మొండితనంతో ఆమె వ్యాపారం ఎలా నడిచిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను ఎంకపల్లి కోడలిని. పెళ్లయిన ఏడాదే ఒక ఆసుపత్రికి ఫోన్లో అపాయింట్‌మెంట్లు రాసుకునే పని దొరికింది, ఇంటి నుంచే. నా మొట్టమొదటి ఉద్యోగం! కాల్స్ అన్నీ వైఫై మీదే. కానీ వెనక గదిలో కూర్చుంటే మాటమాటకూ లైన్ తెగేది. నెలాఖరులోగా సరిచేసుకోకపోతే తీసేస్తామని పైవాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. మా రూటరేమో ముందు హాల్లో, షోకేసులో, బొమ్మల మధ్య దర్జాగా ఉండేది. దాని ఎదురుగా మామయ్య కుర్చీ. పొద్దంతా ఆయన ఫోన్లో వీడియోలు. నా అవస్థ చూడలేక పాపం ఆయనే చేవెళ్ల వెళ్లారు. వెళ్లి అడిగిందేమిటి? "ఊర్లె అందరికంటె పొడుగు యాంటెన్నా ఇయ్యి. మిద్దె మీద పెడ్త." టీవీకి కర్ర కట్టి యాంటెన్నా లేపిన కాలం మనిషి మరి. ఎంత ఎత్తుంటే అంత గొప్ప అనుకున్నారు.

రాజక్క తనే స్కూటీ మీద వచ్చింది. రూటర్ వంక కన్నెత్తి చూడలేదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అడుగుతూ ఇల్లంతా తిరిగింది. నా గదిలోకి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, గోడ తట్టింది.

"గీ గోడ అవుతల ఏమున్నది?"

"బీరువా అక్కా."

"ఇనుపదేనా? ఇంకేం! సిగ్నల్‌కు మంచిగ అడ్డం పెట్టిండ్రు."

ముందు బీరువా జరిపించింది. తర్వాత మామయ్యతో, "అన్నా, ఆ పొడుగుది మిద్దె మీద పెడితె సిగ్నల్ అడ్డంగ ఉరుకుతది. పక్కోళ్ల చేన్లకు పోతది గని కింద మీ ఇంట్లకు దిగది" అని చెప్పి, సంచిలోంచి పలకలాంటి చిన్న యాంటెన్నా తీసింది. "ఇది నీళ్ల పైపు లెక్క. స్ప్రింక్లర్ అయితె చుట్టూ జర జర తడుపుతది. పైపు ఒక్క మడినే నింపుతది, తక్కినయి ఆరుతయి. ఏ దిక్కు తిప్పాలె?"

అందరం మామయ్య వైపు చూశాం. రాజక్క మాత్రం నన్నే చూసింది. "నువ్వు చెప్పు బిడ్డా."

"అందరికీ వచ్చేటట్టు పెట్టక్కా" అన్నాను. కోడళ్లు అనేది అదే కదా!

ఆమెకు ఒళ్లు మండింది. "అందరికీ అంటె నడవది. సిగ్నల్ పోతె ఎవరి నౌకరి పోతది? నోరు తెరువు."

మామయ్య ఎదుట "నాకు కావాలి" అనే మాట నేను అప్పటిదాకా అని ఎరగను. చీర కావాలన్నా అత్తయ్య చెవిలో చెప్పేదాన్ని. "నాకే కావాలె అక్కా. నా గది దిక్కు తిప్పు" అన్నాను. మామయ్య ఫోన్లో వీడియో ఆపారు. "గట్లనే తిప్పు. నేను చూసేదేమన్న కొలువా?" అన్నారు. ఆయన మనసు ఎక్కడ మారుతుందో అన్నట్టు రాజక్క వెంటనే గోడకు డ్రిల్ పెట్టింది. మా తలల నిండా ఇటుక పొడి.

ఆ తర్వాత నా లైన్ తెగలేదు. హాల్లో మామయ్య వీడియోలు మాత్రం ఆగి ఆగి వచ్చేవి. కొన్నాళ్లు గొణిగి, నవారు మంచం తెచ్చి నా గది గుమ్మం ముందే వేసుకున్నారు. నాకు ఫోన్ మోగితే చాలు, ఆయన సౌండు తగ్గిపోయేది.

నెలాఖరున ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. ఏడుస్తూనే రాజక్కకు ఫోన్ చేశాను. "నీ పుణ్యమే అక్కా" అంటే కసురుకుంది. "నేను బిగించిన, గంతే. నాకెందుకు చెప్తున్నవ్? మీ మామ తన సిగ్నల్ ఇడిచిపెట్టిండు. పోయి ఆయనకు చెప్పు" అని పెట్టేసింది. నాకసలు ఆ ఆలోచనే రాలేదు. గుమ్మం దాటి మంచం దగ్గర నిలబడి చెప్పాను. మామయ్య ఫోన్ పక్కన పెట్టి, "మంచిగైంది బిడ్డా" అని, అత్తయ్యను చాయ్ పెట్టమని కేకేసి, మళ్లీ "వద్దులే, ఇయ్యాల నేనే పెడ్త" అంటూ లేచారు.

రాజక్క నిరుడు పోయింది. ఏదైనా నాకు దక్కిన రోజున, ఎవరి వైపు తగ్గితే ఇది నా వైపు వచ్చిందో చూసుకోవడం ఆమె పెట్టిన అలవాటే. చూసుకుని, వెళ్లి వాళ్లకే చెబుతాను. ఆమెకు చెప్పవలసింది మాత్రం ఆమె ఏనాడూ చెప్పనివ్వలేదు. అందుకే మీకు చెబుతున్నాను.