కాగని ఆయిల్

ఆఫీసులో ఆయన్ని రాకెట్ అంటారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, పట్టుబట్టి ఆయనే పెట్టించుకున్నాడు. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో కొన్న నాటి నుంచి టీ వేళ ఆయన కోసే కోతలకు అంతూ పొంతూ లేదు. "నిన్న తెల్లారగట్ల బైపాస్ మీద వదిలాను చూడండీ, ముల్లు చివరికంటా పోయింది. చెట్లు కనబడితే ఒట్టు! పచ్చగా ఒక గీత, అంతే!" అనేవాడు. ఆ గీతను గాల్లో చేత్తో గీసి మరీ చూపించేవాడు.

నిజానికి ఆయన బీమా కంపెనీలో ప్రమాదాల క్లెయిములు చూసే గుమాస్తా. వారమంతా నుజ్జునుజ్జయిన బండ్ల ఫోటోలు చూసీ చూసీ ఆయన గుండె ఎప్పుడో నీరుగారిపోయింది. ఆదివారం భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బజారు దాకా వెళ్ళి రావడమే ఆ కారు చేసిన ప్రయాణం. ఇంజిన్ అరిస్తే ఆయనకు దడ. అందుకని వీధి మలుపు తిరగ్గానే టాప్ గేరులో వేసి, నలభై దాటకుండా పాకించేవాడు. సరుకుల మూటలు కట్టుకున్న స్కూటర్లు కూడా హారన్ కొట్టి మరీ దాటిపోయేవి. ఈ భాగోతం భార్యకు తప్ప మూడో కంటికి తెలియదు.

కోతలు ఊరికే పోవు కదా. ఊరి బయట రేసు ట్రాకులో సెలవు రోజున ఎవరి కారు వాళ్ళు తోలుకోవచ్చని తెలిసి, ఆఫీసువాళ్ళు ప్రేమ కొద్దీ రాకెట్ పేరు రాయించేశారు. పైగా అందరూ చూడ్డానికి వస్తారట. రాకెట్ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. కాదంటే ఇన్నాళ్ళ పరువు గంగలో కలుస్తుంది, ఔనంటే ప్రాణమే పోయేలా ఉంది.

ఆలోచించగా ఆలోచించగా ఇంజిన్ ఆయిల్ గుర్తొచ్చింది. తీసిన ఆయిల్లో లోహపు రజను కనబడితే ఇంజిన్ పని అయిపోయినట్టేనని ఎక్కడో చదివాడు. కార్లున్న వాళ్ళంతా అలాంటిది కనబడకూడదని దణ్ణాలు పెట్టుకుంటే, ఈయన కనబడాలని మొక్కుకుని తోడల్లుడి గ్యారేజీకి బయల్దేరాడు. భార్యను తీసుకెళ్ళాడు. సాక్ష్యానికి ఆఫీసులో తన పక్క సీటాయన్ని కూడా నేరుగా అక్కడికే రమ్మన్నాడు. జేబులో గ్యాస్ మాత్రలు లేనిదే గడప దాటని ఆ పెద్దమనిషి ఆఫీసులో నడిచే వార్తాపత్రిక.

తోడల్లుడిది పెద్ద గొంతు. కారు పైకెత్తి, నట్టు విప్పి, నల్లటి ఆయిల్‌ను పళ్ళెంలోకి వదిలి టార్చి వేశాడు. ఆయిల్ తళతళా మెరిసింది. ఫిల్టర్ కోసి లోపలి కాగితం మడతలు విప్పితే అక్కడా సన్నటి పొరలు.

"లోపల అరుగుతోంది తమ్ముడూ" అన్నాడు.

"అరిగితే అదృష్టమేనండీ, నాకు ఏదీ అరగడమే లేదు" అని నిట్టూర్చాడు పక్క సీటాయన.

రాకెట్‌కు ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. "స్పీడు అన్నయ్యా! ఆ స్పీడుకి ఏ ఇంజిన్ తట్టుకుంటుంది చెప్పు? అయ్యో, ట్రాకు పోయిందే!" అని పెద్దగా విచారించాడు.

తోడల్లుడు ఆ రజను కింద అయస్కాంతం ఆడించాడు. ఒక్క పొరా కదల్లేదు. "ఇది ఉక్కు కాదు. రాగిరంగు చూశావా, బేరింగుల మీది పూత" అన్నాడు. ఆయిల్ పోసే మూత తిప్పితే దాని కింద మీగడలా తెల్లటి జిగురు. "ఇదిగో, నీళ్ళు. ఇంజిన్ వేడెక్కితే ఈ తడి ఆవిరైపోవాలి. ఈ ఆయిల్ ఒక్కసారీ సరిగ్గా కాగలేదు. స్పీడా పాడా! టాప్ గేరులో వేసి నత్తలా ఈడిస్తే వచ్చే రోగం ఇది. ఎవరయ్యా దీన్ని తోలింది?"

ఆ గొంతు వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. పక్క సీటాయన మాత్ర నోట్లో వేసుకోవడం మరిచి రాకెట్ ముఖంలోకి చూశాడు. రాకెట్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నేనే బావగారూ" అంది భార్య. "ఆయన ఆఫీసుకెళ్ళాక బజారుకి నేనే తీసుకెళ్తున్నా. స్పీడంటే నాకు భయం."

ముందుగా నవ్వింది రాకెట్టే. పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! పులినిచ్చి పాలు పితకమన్నట్టుంది! ఆడవాళ్ళ చేతికి తాళం ఇస్తే ఇంతే అన్నయ్యా!" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆవిడ పమిట కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులకు ఏమీ అంటకపోయినా.

తోడల్లుడు కొత్త ఆయిల్ పోసి, ట్రాకు జోలికి పోవద్దనీ, గేరు తగ్గించి ఇంజిన్ బాగా వేడెక్కేలా తోలి మళ్ళీ తెమ్మనీ చెప్పాడు. రేసూ తప్పింది, పరువూ నిలిచింది. మొక్కుకున్న దానికంటే ఎక్కువే దక్కింది.

ఇద్దరే ఇంటికి తిరిగొచ్చే దారిలో రాకెట్ హుషారుగా, "సమయానికి భలే అందుకున్నావే!" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి చూపు ఇటు తిప్పింది. "మీరు భయపడతారని నాకెప్పుడో తెలుసు. రోజూ ఆ ఫోటోలు చూసేవాళ్ళకి భయం లేకపోతేనే వింత. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ అక్కడ అందరికంటే ముందు మీరు నవ్వారు చూడండీ, అది మనసుకు చాలా కష్టంగా అనిపించింది."

రాకెట్ చెయ్యి అలవాటుగా టాప్ గేరు వేసింది.

"గేరు తగ్గించండి. బావగారు చెప్పారుగా."

తగ్గించాడు. ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా అరిచింది. "నాకు భయంగా ఉందే" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఊఁ. అదే మాట రేపు టీ టైములో మీ పక్క సీటాయనకి చెప్పండి."

రాకెట్ కాలు బ్రేకు మీదికి పోయింది.