గాజు గొట్టం మీద బొట్టు

సూర్యాపేట బియ్యం మిల్లులో బాయిలర్ పొయ్యికి ఊక మోసిన మనిషి ఈదయ్య. మోస్తూ మోస్తూ పొయ్యి నేర్చుకున్నాడు. పొయ్యి పక్కన నిలబడి ఆవిరి నేర్చుకున్నాడు. బెజవాడ నుంచి వచ్చిన బాయిలర్ నడిపే పాత డ్రైవరు చూపు తగ్గి ఊరికి వెళ్లిపోయాక అది ఈదయ్య చేతికొచ్చింది.

చేతికైతే వచ్చింది గాని, లైసెన్సు లేని మనిషి దాన్ని నడపరాదని సర్కారు కాయిదా. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు ఇన్‌స్పెక్టర్ హైదరాబాదు నుంచి వస్తున్నాడని కబురొచ్చింది. పరీక్షలో గెలిస్తే ఈదయ్య డ్రైవరు. లేదంటే కోదాడ నుంచి లైసెన్సున్న మనిషి వస్తాడు, ఈదయ్య మళ్లీ ఊక తట్ట ఎత్తుకోవాలి.

పరీక్ష నాడు అతని తల్లి గోపమ్మ కొడుకు కంటే ముందే మిల్లు చేరింది. తనతో బియ్యం చెరిగే ఆడవాళ్లను వెంటబెట్టుకుని, దసరాకు చేసినట్టే బాయిలర్‌ను కడిగి పసుపు రాసింది.

ఇన్‌స్పెక్టర్ నెరిసిన మీసాల మనిషి. కుర్చీలో కూర్చుని అడగాల్సినవన్నీ అడిగాడు. ఈదయ్య వచ్చిన ఉర్దూలో కొంత, తెలుగులో కొంత చెప్పాడు.

"ఠీక్ హై. ఇగ ముట్టియ్యి."

ఈదయ్య అగ్గిపెట్టె తీసి గాజు గొట్టం వంక చూశాడు. లోపల నీళ్లెంత ఉన్నాయో చూపే గొట్టం అది. నీళ్లు ఉండాల్సిన మట్టానికి దాని మీద గీత ఉంటుంది. నీళ్లు కనపడలేదు. పైనుంచి కిందిదాకా పసుపు. నడుమ పెద్ద కుంకుమ బొట్టు.

అగ్గిపెట్టె పక్కన పెట్టి, భుజం మీది తువ్వాల తడిపాడు.

"ఏం జేస్తున్నవ్ రా?" అంది గోపమ్మ.

"తుడుస్తున్ననవ్వా."

"మంచిపని మొదలువెట్టంగ బొట్టు తుడుస్తరారా ఎవలన్న?"

చెరిగే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మిల్లు సేటు రామనర్సయ్య తొందరపెట్టాడు.

"నిన్న పొద్దుగూకంగ నువ్వే గదరా నీళ్లు నింపినవ్? సాబ్ కూసున్నడు, ముట్టియ్యరాదు!"

నింపింది తనే. అది నిజమే.

"సూడకుంట ముట్టియ్య, సేటూ."

ఎండిన పసుపు గాజును వదల్లేదు. గట్టిగా రుద్దాల్సి వచ్చింది. తల్లి మొహం పక్కకు తిప్పుకుంది.

గాజు తేటపడింది. నీళ్లు గీతకు ఎంతో కింద, గొట్టం అడుగున ఉన్నాయి.

ఆ నీళ్లతో మంట పెడితే బాయిలర్ పేలిపోయేదని అక్కడున్న అందరికీ తెలుసు.

"నీళ్లెటు వాయె?" అన్నాడు సేటు.

గోపమ్మ గొంతు చిన్నదైంది. "కడగనీకె కింది నల్లా తిప్పినం. ఎచ్చని నీళ్లకు మసి జల్ది పోతదని..."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "తప్పు ఎవరిది?"

"నాది సాబ్. బాయిలర్ నా చేతుల ఉన్నది."

చేతిపంపు కొట్టి నీళ్లు గీత దాకా ఎక్కించాడు. అప్పుడు ముట్టించాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆవిరి నిండింది, బెల్టు కదిలింది, బియ్యం రాలాయి.

వెళ్లేముందు ఇన్‌స్పెక్టర్ గోపమ్మ వైపు చూసి నవ్వాడు. "నేను పెట్టిన పరీక్ష చిన్నదమ్మా. నువ్వు పెట్టిందే పెద్దది."

లైసెన్సు వచ్చింది. సేటు దానికి అద్దం కట్టించి బాయిలర్ గదిలో తగిలించాడు. మిర్యాలగూడ మిల్లులవాళ్లు వచ్చి ఈదయ్య ఎవరని అడిగితే, అతను తలెత్తేలోపే గోపమ్మ చేట దించి "మా పిలగాడే" అనేది.

దసరా వచ్చింది. పసుపు గిన్నె పట్టుకుని ఆమె ఆ అద్దం ముందు నిలబడింది.

"నీ పేరు యాడున్నదిరా?"

ఈదయ్య వేలు పెట్టి చూపించాడు. ఆమె అటు చెయ్యి పోనివ్వలేదు. చెక్క చట్రం మూలలకు మాత్రం పసుపు రాసింది. తరువాత బాయిలర్ దగ్గరికి నడిచి ఇనుప తలుపుకు బొట్టు పెట్టింది. గాజు గొట్టాన్ని కొంగుతో తుడిచి, లోపలి నీళ్లను చూసుకుంది.

"గీత దాక ఉన్నయి" అంది. "ఇగ ముట్టియ్యి."